మెడ దగ్గర గుండీ

బడి పక్క మేడగది
జనవరి 9

అక్కా,

ఇక్కడ అంతా బాగానే ఉంది, గది తలుపుకి గొళ్ళెం పడకపోవడం ఒక్కటి తప్ప. ఇంటి ఓనరమ్మకి ఎన్నిసార్లు చెప్పినా "దొంగ వచ్చినా నీ దగ్గర నోటుపుస్తకాలు తప్ప ఏమున్నాయమ్మా" అంటోంది. నిజమే, ముప్పై ఎనిమిది మంది పిల్లల నోటుపుస్తకాలున్నాయి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా రాస్తే నీకు ఒళ్ళు మంట, పేజీ ఉంటేనే చదువుతానంటావు. అందుకని ఇదిగో పేజీ.

విషయమేమిటంటే, ఐదేళ్ళుగా మూడో తరగతికే చెబుతున్నాను కదా, ఇక పై చదువు చదువుదామని నిర్ణయించుకున్నాను. ప్రత్యేక విద్యలో పీజీ, రెండేళ్ళు. మామూలు పద్ధతిలో చెబితే చదువు అందని పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పుతారు. అందులో మూడు శాఖలు. వినికిడి లేని పిల్లలది ఒకటి, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్నవాళ్ళది ఒకటి, తెలివి బాగానే ఉన్నా చదవడం రాయడం దగ్గర మాత్రం తడబడేవాళ్ళది ఒకటి. ఫారంలో ఒక్కదానికే టిక్కు పెట్టాలి. తర్వాత మార్చుకోవడం కుదరదట.

రెండో బెంచీలో కూర్చునే పేజీలరాణి గుర్తుందా? పక్కపిల్ల చదువుతుంటే విని పాఠం మొత్తం కంఠతా పట్టేస్తుంది. లేచి చదవమంటే పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెబుతుంది, సరిగ్గా ఎక్కడ తిప్పాలో అక్కడ పేజీ కూడా తిప్పుతుంది. మొన్న పుస్తకం మార్చి చేతిలో పెట్టాను. పాత పాఠమే అప్పజెప్పింది. తరగతంతా నవ్వింది, అది నవ్వలేదు. అప్పట్నుంచి దాన్ని చివరి బెల్లు తర్వాత పావుగంట ఆపుతున్నాను. బోర్డు మీద రాసిన అక్షరం దాని బుర్రలో నిలవదు. అదే వీపు మీద వేలితో రాస్తే టక్కున చెప్పేస్తుంది. ఈ చిట్కా నాకు ఎక్కడ దొరికిందో గుర్తు లేదు.

నేను మాత్రం వినికిడి శాఖకే మొగ్గుతున్నాను. ఎందుకు ఎంచుకున్నావో ఒక పేజీ రాయమన్నారు. రాసేశాను. గొప్పగా ఏం లేదులే. నువ్వేమంటావు?

నీ తోక


అచ్చాఫీసు, ప్రూఫుల బల్ల
జనవరి 17

తోకా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా ముందు పశువైద్యం పుస్తకం ఉంది, మూడువందల పేజీలు. ఆవు పొట్ట గురించి నాకిప్పుడు ఆ రాసినాయన కన్నా ఎక్కువ తెలుసు. లోపల కొత్త అచ్చు యంత్రం దించారు. అది తిరగడం మొదలెడితే ఆఫీసులో అందరూ చెవులు మూసుకుని పరుగెడుతున్నారు, నేనొక్కదాన్నే స్కేలు పెట్టుకుని లైను తర్వాత లైను చదువుకుంటున్నాను. "ఇక్కడ హాయిగా ఉన్నది నువ్వేనమ్మా" అని మేనేజర్ చీటీ రాసిచ్చాడు. చెవిటితనానికి ఉద్యోగంలో మొదటిసారి మెప్పు దొరికింది.

ఇక నీ సంగతి. గత నాలుగు ఉత్తరాలూ తీసి చూశాను. నాలుగింటిలోనూ పేజీలరాణి ఉంది. వినికిడి లేని పిల్ల ఒక్కతీ లేదు. అలాంటప్పుడు టిక్కు ఎక్కడ పెట్టాలో నన్నెందుకు అడుగుతావు? ఇంట్లో ఒక చెవిటిది ఉందని చెవుల శాఖలో చేరేట్టయితే, నాన్నకి పళ్ళు ఊడిన ఏడాదే నువ్వు పళ్ళ డాక్టరువి కావాల్సింది.

ఆ పేజీ ఇటు పంపు. ఊళ్ళోవాళ్ళ పశువులకే ప్రూఫు చూసేదాన్ని, చెల్లెలికి చూడనా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. కూరల బజారుకి వెళ్ళొచ్చినా నాలుగు పేజీలు రాస్తావు. అలాంటిది దీన్ని మాత్రం "గొప్పగా ఏం లేదులే" అని ఒక్క ముక్కతో తేల్చేశావు.

అక్క


మేడగది
మార్చి 2

అక్కా,

సీటు వచ్చింది! వినికిడి శాఖలోనే. పన్నెండు సీట్లకి నూట నలభై మంది రాస్తే అందులో నేనున్నాను. ఇంటర్వ్యూలో శాఖ పెద్ద మేడమ్ నా కాగితం చివరిదాకా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇలాంటి మనసున్నవాళ్ళే ఈ పనికి కావాలి" అన్నారు. నేను థాంక్యూ అని కూడా అనకుండా బయటికి వచ్చేశాను.

నీతో ఒక చిన్న పని పడింది. జూన్ పదిహేనున కొత్త బ్యాచ్ ప్రారంభం. ఆ రోజు నిన్ను తీసుకురమ్మన్నారు మేడమ్. వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. అరగంట పని. నువ్వేం మాట్లాడక్కర్లేదు, నేను పక్కనే ఉంటాను. నీలం చీర కట్టుకో, అది నీకు బావుంటుంది.

ఆ పేజీ అడిగావు కదా, నకలు ఉంచుకోలేదు. తొందరలో రాసి పడేశాను. పేజీలరాణి కులాసా. మొన్న "రంపం" అనే మాట తనంత తాను చదివింది, చదివి తనే అదిరిపడింది.

తప్పకుండా వస్తావు కదూ?

నీ తోక


అచ్చాఫీసు
మార్చి 11

చెల్లెలికి,

మీ శాఖవాళ్ళు నాకు విడిగా ఉత్తరం పంపారు. చాలా మర్యాదగా ఉంది. మీ పేజీని వాళ్ళ వార్షిక పుస్తకంలో అచ్చు వేస్తారట, పక్కన నా ఫొటో వేస్తారట, అందుకు నా అనుమతి కావాలట. నకలు జతచేశారు. మీ దగ్గర లేని నకలు నా దగ్గరికి వచ్చింది.

ప్రూఫు చూసేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. తప్పు అక్షరాన్ని దిద్దవచ్చు, తప్పు సంగతిని దిద్దకూడదు. సంగతి రాసినవాళ్ళది. అనుమానం వస్తే పక్కన ఎర్ర పెన్నుతో ప్రశ్న పెట్టి తిప్పి పంపాలి. జవాబు వచ్చేదాకా అది అచ్చుకు వెళ్ళదు. ఆ ప్రకారమే పంపుతున్నాను. మూడే ప్రశ్నలు.

మీ వాక్యం: "ఎనిమిదేళ్ళ వయసులో వచ్చిన జ్వరం మా అక్క చెవులనూ మాటనూ ఒకేసారి తీసుకుపోయింది." ప్రశ్న: చెవులు సరే. మాట కూడానా? ఇరవై మూడో ఏడు వరకూ ఆవిడ మాట్లాడినట్టు సాక్షులున్నారు. సరిచూడండి.

మీ వాక్యం: "నేను ఆమె చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించాను." ప్రశ్న: జ్వరం వచ్చిననాటికి ఆవిడకి ఎనిమిది, మీకు రెండు. ఎవరు ఎవరి చేత దిద్దించారు? వీపు మీద వేలితో రాసి, పలికించి, నేర్పినది ఎవరు?

మీ వాక్యం: "ఆమె మౌనమే నన్ను ఈ దారిలో నడిపించింది." ప్రశ్న: ఈ మౌనం ఎప్పుడు మొదలైంది? ఎలా మొదలైంది? రాసినవారే చెప్పాలి.

అక్షరదోషాలు లేవు. బాగా రాశారు.

ప్రూఫ్‌రీడర్


మేడగది
మార్చి 15

అక్కా,

నాకు "మీరు" అని రాస్తావా? అంత పరాయిదాన్నయిపోయానా?

అందరూ ఇలాగే రాస్తారు. నా పక్కన కూర్చున్నావిడ తాతకి చూపు పోయిందని రాసింది, ఆయన అద్దాలు పెట్టుకుని హాయిగా పేపరు చదువుతాడని బయటికొచ్చాక నవ్వుతూ చెప్పింది. వాళ్ళకి కావలసింది ఒక కథ. ఇవ్వకపోతే నూట నలభై మందిలో నన్ను ఎవరు చూస్తారు? నేనేం దొంగతనం చేయలేదు, మంచిపని నేర్చుకోవడానికి వెళ్తున్నాను.

మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు: తప్పే. దిద్దుతాను. నేర్పింది నువ్వే, ఒప్పుకుంటున్నాను. మూడోది ప్రశ్నే కాదు, ఎత్తిపొడుపు. నీ అంతట నువ్వే మాట్లాడటం మానేశావు. అమ్మ కూడా అదే అనేది, వినబడని గొంతు మెల్లగా అదే అరిగిపోయిందని. నేనేదో నీ గొంతు నొక్కేసినట్టు అడుగుతావేం?

అనుమతి కాగితం మీద సంతకం పెట్టి పంపు. చివరి తేదీ దగ్గరపడుతోంది.

తోక


అచ్చాఫీసు
మార్చి 22

నొక్కావని నేను ఎక్కడా రాయలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే నువ్వే భుజాలు తడుముకున్నావు.

రెండు జవాబులు అందాయి. మూడోది రావాలి. సంతకం పెట్టను.

అక్క


మేడగది
ఏప్రిల్ 20

అక్కా,

నీ కార్డు వచ్చి నెల అవుతోంది. బల్ల మీద నోటుపుస్తకాల కింద పెట్టాను. రోజూ దిద్దడానికి పుస్తకాలు తీస్తే అడుగున అదే కనబడేది, మళ్ళీ పైన ఇంకో కట్ట పెట్టేదాన్ని. మూడో ప్రశ్నకు జవాబు నాకు తెలియక కాదు. మొదటి రోజు నుంచీ తెలుసు.

శుక్రవారం బడికి తనిఖీకి వచ్చారు. ఒక పెద్దాయన నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని, ఎవరైనా చదివి వినిపించండి అన్నారు. పేజీలరాణి చెయ్యెత్తింది. పది రోజులుగా రెండు వాక్యాలు నిజంగా చదవగలుగుతోంది, కూడబలుక్కుంటూ, ఒక్కో అక్షరం మీద ఆగుతూ. అది నలుగురికీ చూపించుకోవాలని దాని ఆరాటం. ఆయన ముందు అది అలా నత్తనడకన చదువుతుంటే నా పరువేం కావాలి అనిపించింది. నా చెయ్యి దానంతట అదే మెడ దగ్గరికి వెళ్ళింది. కాలర్ గుండీ పట్టుకుని దానివైపు చూశాను.

ఆ పిల్లకి ఆ సైగ ఎవరూ నేర్పలేదు అక్కా. అయినా అర్థమైపోయింది. చెయ్యి దించేసి కూర్చుంది. పక్కపిల్ల లేచి గడగడా చదివింది. తనిఖీ ఆయన మెచ్చుకుని వెళ్ళారు. నేను బల్ల దగ్గరే నిలబడిపోయాను, గుండీ ఇంకా నా వేళ్ళ మధ్యే ఉంది.

ఇదీ మూడో ప్రశ్నకు జవాబు. నాకు తొమ్మిదేళ్ళు, నీకు పదిహేను. బస్సులో వెళ్తున్నాం. కిటికీలోంచి ఏదో చూసి నువ్వు అరిచినంత గట్టిగా నాతో చెప్పావు. బస్సంతా తిరిగి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక నీకొక ఆట చెప్పాను. నీ గొంతు పెద్దదైతే నేను మెడ దగ్గర గుండీ పట్టుకుంటాను, నువ్వు తగ్గించాలి. నువ్వెంత సంతోషించావో! "నా గొంతు నాకు తెలియదు కదా, నువ్వు చెబుతుండు" అన్నావు. నన్ను నమ్మి నీ చెవి నాకు అప్పగించావు.

మొదట్లో నిజంగా గట్టిగా మాట్లాడినప్పుడే పట్టుకున్నాను. తర్వాత మామూలుగా మాట్లాడినా పట్టుకున్నాను. నీ గొంతు పెద్దదని కాదు, అది వేరేగా ఉంటుందని. చెప్పుల కొట్లో, డాక్టరు దగ్గర, చుట్టాలింట్లో. చివరికి నువ్వు నోరు తెరవబోతున్నావని తెలియగానే పట్టుకునేదాన్ని. నీకు తెలిసే వీలు లేదు, నేనే కదా నీకు కొలత.

ఆ తర్వాత కాలేజీ. పరీక్ష రోజు నేను మరిచిపోయిన హాల్‌టికెట్టు పట్టుకుని ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చావు. వరండా ఆ చివర నుంచి "తోకా!" అని పిలిచావు. నా పక్కన నలుగురు స్నేహితురాళ్ళు. గుండీ పట్టుకున్నాను. నువ్వు ఆగిపోయావు. దగ్గరికొచ్చి కాగితం చేతిలో పెట్టావు. "ఎవరే?" అని వాళ్ళడిగితే "మా అక్క, మాటలు రావు" అన్నాను. నువ్వు నా పెదాలవైపే చూస్తున్నావు. నీకు పెదాలు చదవడం వచ్చని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అప్పటి నుంచి నీ గొంతు నేను వినలేదు. ఎప్పుడు ఆగిందో గమనించలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఫారంలో కొత్త అబద్ధమేమీ రాయలేదు, ఆ వరండాలో చెప్పిందే మళ్ళీ రాశాను.

ఇంకో సిగ్గుమాలిన సంగతి ఉంది, అదీ చెప్పేస్తాను. వినికిడి శాఖ నీ మీద ప్రేమతో ఎంచుకున్నానని అనుకున్నాను. కాదు. పదిమంది చెవిటి పిల్లలకి చదువు చెబితే ఈ మచ్చ ఎక్కడో కడుక్కుపోతుందనుకున్నాను. నిన్ను ఒక్కమాట అడగకుండా, నీకు ఒక్కమాట చెప్పకుండా, గుట్టుగా శుభ్రపడిపోదామనుకున్నాను.

మేడమ్‌కి చెప్పే ధైర్యం లేదు. చెబితే సీటు పోతుంది. చెప్పకపోతే జూన్ పదిహేనున అందరూ చప్పట్లు కొడతారు. ఏం చేయమంటావు?

తోక


అచ్చాఫీసు
మే 4

తోకా,

జవాబు అందింది. మూడో ప్రశ్న పక్కన టిక్కు పెట్టాను.

క్షమించానని రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను. చెయ్యి రాలేదు. అబద్ధం ఎందుకు, నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ ఉత్తరం చదివిన రోజు ఆవుల పుస్తకంలో పదిహేను తప్పులు వదిలేశాను. ఈ ఉద్యోగంలో చేరాక అలా ఎప్పుడూ జరగలేదు.

కానీ నాకు తెలియదనుకోకు. అది ఆట కాదని రెండో వారానికే తెలిసింది. చెవులు లేవు గానీ కళ్ళున్నాయి కదా. గుండీ పట్టుకున్నప్పుడు నీ ముఖం ఎలా పెట్టేదానివో నీకు తెలియదు, నేను చూసేదాన్ని. ఆ ముఖం మళ్ళీ చూడాల్సి వస్తుందని ముందే ఆపేసేదాన్ని. తర్వాత నాకూ అదే హాయనిపించింది. మాట్లాడితే జనం తిరిగి చూస్తారు, మాట్లాడకపోతే జాలిపడి దారి ఇస్తారు. దారి దొరుకుతోంది కదా అని ఊరుకున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మ చివరి వారంలో ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, పెదాలు మెల్లగా కదుపుతూ, ఒక్కసారి నోరారా పిలవమని అడిగింది. గదిలో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరు. నువ్వు మందులకి వెళ్ళావు. అయినా నేను తలుపువైపు చూశాను, నువ్వు వచ్చి నిలబడ్డావేమోనని, నీ చెయ్యి ఎక్కడుందోనని. పిలవలేదు. పక్కనున్న చీటీల పుస్తకం తీసి "అమ్మా" అని రాసి చూపించాను. అమ్మ అది చదివి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. ఆ ఒక్కసారి నీ గుండీ అక్కడ లేదు. నేనే పట్టుకున్నాను.

మరొకటి. నేను పూర్తిగా మానలేదు. ఇక్కడ యంత్రం తిరిగేటప్పుడు ఎవరికీ ఏమీ వినబడదు. అప్పుడు వెళ్ళి దాని పక్కన నిలబడి పైకి చదువుతాను. ఆవు పొట్ట గురించిన పేరాలన్నీ అలా చదివాను. మెషీన్ మేస్త్రి నా పెదాలు చూసి పాటలు పాడుకుంటున్నాననుకున్నాడు, ఏ పాటో రాసివ్వమన్నాడు. నెమరువేయడం అని రాసిచ్చాను.

ఇప్పుడు నువ్వడిగినది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. తొక్కావు, అయిపోయింది. కడుక్కోవడానికి వేరేవాళ్ళ పిల్లల్ని వెతకకు. చెవిటి పిల్లలకి బాగా చెప్పేవాళ్ళు కావాలి, నా దగ్గర తప్పు చేసి వాళ్ళ దగ్గర దండం పెట్టేవాళ్ళు అక్కర్లేదు. నువ్వు చెయ్యి దింపించిన పిల్ల నీ తరగతిలోనే, రెండో బెంచీలోనే ఉంది. ముందు దాని దగ్గరికి వెళ్ళు.

మేడమ్‌కి చెప్పడమా మానడమా అన్నది నీ ఇష్టం. అచ్చుకూ ఫొటోకూ నా అనుమతి లేదని రేపు వాళ్ళకి రాస్తున్నాను. ఎందుకో రాయను. అది రాయాల్సింది నేను కాదు.

అక్క


మేడగది
మే 28

అక్కా,

చెప్పేశాను.

మేడమ్ గదిలో రెండు కుర్చీలున్నాయి, ఒకదాని మీద ఫైళ్ళు, ఇంకోదాని మీద ఆవిడ. నిలబడే చెప్పాను. గుండీ దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఆవిడ నా పేజీ ఫైల్లోంచి తీసి మళ్ళీ చదివారు. "ఇది చదివి నేను ఏడ్చానమ్మా" అన్నారు. కాగితం మళ్ళీ ఫైల్లో పెట్టి "అందుకే ఇప్పుడు ఎక్కువ కోపంగా ఉంది" అన్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సీటు తర్వాతి ఆవిడకి ఇచ్చేశారు. మానుకుంటున్నట్టు కింద ఆఫీసులో ఫారం రాయించుకున్నారు. అందులో "కారణం" అని ఒక గడి ఉంది. గుమస్తా "సొంత కారణాలు అని రాసెయ్యండి, అందరూ అదే రాస్తారు" అన్నాడు. "తప్పు సమాచారం ఇచ్చాను" అని రాశాను. అతను అది చదివి, నన్ను ఎగాదిగా చూసి ముద్ర వేశాడు. వచ్చే ఏడు మళ్ళీ రాసుకోవచ్చట, ఏ శాఖకైనా. వచ్చేస్తుంటే మేడమ్ వెనక నుంచి అన్నారు: "ఈసారి మీ అక్కని తీసుకురాకండి. మీరు రండి."

మా బడికి వేసవి సెలవులు ఆలస్యంగా ఇస్తారు కదా, వాటికి ముందురోజు పేజీలరాణి పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు నీ చెయ్యి దింపించింది నేనే, అది నా తప్పు అని చెప్పాను. "ఏ రోజు టీచర్?" అంది. దానికి బాగా తెలుసు. నేను పూర్తిగా వివరంగా చెప్పేదాకా అలా చూస్తూనే ఉంది. అంతా విన్నాక "ఇప్పుడు చదవనా?" అంది. తరగతి ముందు నిలబడి రెండు వాక్యాలు చదివింది. నాలుగు నిమిషాలు పట్టింది. వెనక ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని విన్నాను. సెలవుల్లో కూడా రోజూ వస్తానంది, వస్తోంది.

కొత్త పేజీ రాసి ఇందులో పెట్టాను. టిక్కు తడబడే పిల్లల శాఖకి. నువ్వు జనవరిలోనే చెప్పావు. మొదటి వాక్యం ఇలా ఉంది: "నాకు చదవడం నేర్పింది మా అక్క; అక్షరాన్ని నా వీపు మీద వేలితో రాసి, నా చేత పలికించి నేర్పింది." రెండోది: "ఆమెకు గొంతు ఉంది, దాన్ని దాచేసింది నేను." మిగతా అంతా పేజీలరాణి గురించీ, నాకు ఇంకా చేతకాని వాటి గురించీ. ఎర్ర పెన్ను తీసుకో. ఎన్ని ప్రశ్నలైనా పెట్టు.

తోక


అచ్చాఫీసు
జూన్ 6

తోకా,

నీ పేజీ చూశాను. రెండు కామాలు తీసేశాను. ప్రశ్నలు లేవు. కింద "అచ్చుకు పంపవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. దాన్ని క్షమించడం అనుకునేవు, కాదు. ప్రూఫు సరిగ్గా ఉందని మాత్రమే. మిగతాదానికి ఇంకా టైం పడుతుంది, తొందరపెట్టకు.

ఒక సంగతి జరిగింది. రెండు వారాలుగా యంత్రం పక్కన నిలబడి ఆవులని వదిలేసి ఒక్క మాటే సాధన చేస్తున్నాను. నిన్న మధ్యలో యంత్రం ఆగిపోయింది. నేను చూసుకోలేదు. కళ్ళెత్తేసరికి ఆఫీసు మొత్తం నావైపు తిరిగి ఉంది. మెషీన్ మేస్త్రి చేతిలో నూనెడబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పారిపోదామనిపించింది. మేనేజర్ గబగబా చీటీ రాసి నా ముందు పెట్టాడు: "తోక ఎవరమ్మా?" నేను పెన్ను కోసం చెయ్యి చాపాను. చాపి, ఆపేశాను. నోటితోనే చెప్పాను, మా చెల్లెలు అని. ఆయనకి అర్థమైంది.

శనివారం పది గంటల బస్సుకి వస్తున్నాను. నీ పేజీలరాణిని చూడాలి, వీపు మీద "క్ష" రాస్తే చెప్పగలదేమో అడగాలి. నువ్వు చిన్నప్పుడు దాని దగ్గరే తడబడేదానివి. నీలం చీర కట్టుకోను. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు.

నీ గదికి దారి నాకు తెలియదు, బస్టాండుకి రా. శనివారం కాబట్టి జనం బాగా ఉంటారు. బస్సు దిగగానే నేను నిన్ను పిలుస్తాను. ఎంత గట్టిగా వస్తుందో, ఎలా వస్తుందో నాకు తెలియదు, అందరూ తిరిగి చూస్తారు. నువ్వు ఎక్కడున్నా సరే, నీ చేతులు రెండూ నాకు కనబడేట్టు నిలబడు.

అక్క